కొనమంటారు సరే, ఉతికేదెట్లా?

"చేనేత కొనండి" అని చెప్పేవాళ్ళకి మన దేశంలో ఏనాడూ కొదవ లేదు. 1905లో ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది కాబట్టి, 2015 నుంచి ఆ రోజుని జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజు మన ఐటీ ఆఫీసుల్లో చూడాలి సందడి. లిఫ్టులో పోచంపల్లి, కెఫెటేరియాలో మంగళగిరి, టౌన్‌హాల్ మీటింగులో కలంకారీ చొక్కాలు. హెచ్చార్ వాళ్ళు ఫోటోలు తీస్తారు. బాగానే ఉంది. మరి ఆగస్టు 8న ఆ చీరా ఆ చొక్కా ఏమవుతాయి? అవి ఉతుక్కునేది ఎవరు, ఎట్లా? ఈ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

నన్నడిగితే చేనేతకి శత్రువు పవర్‌లూమ్ ఒక్కటే కాదు. మన బాత్రూంలోని బకెట్టు కూడా. జనం చేనేత కొనకపోవడానికి ధర ఒక కారణమే గానీ, కొన్నవాళ్ళు కూడా రెండోది కొనకపోవడానికి కారణం ధర కాదు. మొదటిదాన్ని ఉతికిన అనుభవం! రంగు దిగిందనో, అంచు ముడుచుకుపోయిందనో, పట్టు మెరుపు పోయి గోనెపట్టాలా తయారైందనో చెప్పే కథలు ప్రతి ఇంట్లో ఒకటైనా ఉంటాయి. ఆ తర్వాత పాలియెస్టర్‌లోకి దిగిపోతారు. దాన్ని మెషీన్లో పడేస్తే చాలు, ఇస్త్రీ కూడా అక్కర్లేదు.

మాది గండికోట పక్క. ఈమధ్య శని ఆదివారాలు వస్తే చాలు బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి మన సాఫ్టువేరు జనాలు గుంపులు గుంపులుగా అక్కడికి దిగుతున్నారు. గుడారాలేసుకుని పడుకుంటారు, పొద్దున్నే లేచి పెన్న లోయ అంచున కాళ్ళు వేలాడేసి ఫోటోలు దిగుతారు (దయచేసి అది మాత్రం చెయ్యొద్దు బాబూ, అక్కడ పట్టుకోవడానికి రెయిలింగ్ కూడా లేదు). తిరిగి వెళ్ళేటప్పుడు కొంతమంది జమ్మలమడుగులోనో, పక్కనున్న మోరగుడిలోనో మగ్గాలున్న ఇంటి ముందు ఆగి పట్టుచీర కొనుక్కుంటారు. షోరూంలో కన్నా తక్కువకే వస్తుంది, నేసిన మనిషి చేతికే డబ్బులు వెళ్తాయి. చాలా మంచి పని. డబ్బులిచ్చి కారెక్కబోతూ అడుగుతారు: "ఇది ఎట్లా ఉతకాలండీ?" నేను విన్న జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "డ్రైక్లీనింగ్‌కు ఇయ్యండి సార్."

ఈ జవాబు మీదే నా అభ్యంతరమంతా. నేసే ఆయన్ని తప్పు పట్టడం లేదు. ఆయన తన వస్తువు పాడవకూడదని చెప్తున్నాడు. కానీ "డ్రైక్లీన్ ఓన్లీ" అనేది సమాధానం కాదు, సమాధానాన్ని దాటేయడం. మన భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ రాయకుండా "ఏదైనా సమస్య ఉంటే సపోర్ట్ టీముని సంప్రదించండి" అని ఒక్క లైను పడేయడం లాంటిది.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పక తప్పదు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో గండికోటకి వచ్చాడు. అప్పటికి కొద్దికాలం ముందే గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా ఆ కోటని పెమ్మసాని వాళ్ళ దగ్గర్నుంచి పట్టుకున్నాడు. టావెర్నియే వజ్రాలూ ముత్యాల బేరాల కోసం వచ్చినవాడే గానీ, ఆ రోజుల్లో మన తీరం నుంచి యూరప్‌కి వెళ్ళిన సరుకుల్లో రాళ్ళకన్నా పెద్ద సంచలనం గుడ్డలది. మచిలీపట్నం చుట్టుపక్కల తయారైన కలంకారీ రకాల్ని యూరప్ వాళ్ళు ఎగబడి కొన్నారు. ఎంతగా అంటే తమ నేతగాళ్ళు, వ్యాపారులు గోల చేస్తే ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది, ఆ నిషేధం 1759 దాకా నడిచింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకాస్త గట్టి చట్టం చేసింది.

మరి వాటిలో అంత గొప్పేముంది? బొమ్మలు బాగుండడం ఒకటి. అంతకన్నా ముఖ్యమైనది, ఉతికితే రంగు పోకపోవడం. అప్పటి యూరప్‌లో నూలు గుడ్డ మీద అద్దిన రంగు నీళ్ళు తగిలితే నిలిచేది కాదు. మనవాళ్ళకి పటిక, కరక్కాయ, చిరివేరుతో రంగుని దారం లోపల కట్టిపడేసే విద్య తెలుసు. ఇప్పటికీ శ్రీకాళహస్తి కలంకారీలో ఒక్కో రంగు తర్వాత గుడ్డని పారే నీళ్ళలో జాడిస్తారు. అంటే ఉతకడమనేది బట్ట తయారయ్యాక వచ్చే బెడద కాదు, తయారీలోనే ఒక భాగం. ఒకప్పుడు "ఉతికినా పోదు" అన్న పేరుతో ప్రపంచాన్ని ఊపేసిన ప్రాంతం వాళ్ళం, ఇప్పుడు "ఉతక్కండి సార్" అని చెప్పి అమ్ముతున్నాం. ఇది నాకు మింగుడుపడని విషయం.

సరే, అసలు విషయానికొద్దాం. ఇంట్లో ఉతకొచ్చా? చాలావాటిని ఉతకొచ్చు. కానీ ముందు బట్ట గురించి కాదు, నీళ్ళ గురించి తెలుసుకోవాలి. ఇంటర్నెట్‌లో కనపడే "పట్టు బట్టల సంరక్షణ" చిట్కాలన్నిటిలో మిస్సయ్యే పాయింటు ఇదే. "వర్క్స్ ఆన్ మై మెషీన్" అంటామే, అచ్చం అదే. రాసినవాళ్ళ కొళాయిలో వచ్చేది మెత్తని నీళ్ళు, మనకి బోరులోంచి వచ్చేది వేరు.

గండికోట నిలబడిన కొండ క్వార్ట్‌జైట్ రాయి. కిందికి దిగి జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు వస్తే అంతా సున్నపురాయి. భూగర్భశాస్త్రం వాళ్ళు నార్జి సున్నపురాయి అంటారు, మనం కడప బండలు అంటాం. ఇళ్ళలో పరిచేది అదే, సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడున్నదీ అందుకే. ఆ రాళ్ళ సందుల్లో ఊరిన నీళ్ళు బోరులో వస్తే అందులో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. అవే ఉప్పునీళ్ళు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. బెంగళూరు, హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు "మాకేం, సిటీలో ఉన్నాం" అనుకోకండి. బోరూ, ట్యాంకరూ మీద బతికే అపార్ట్‌మెంటైతే మీ షవర్ చిల్లులు తెల్లగా పూడిపోవడం చూసే ఉంటారు. అదే ఇది.

ఈ నీళ్ళలో సబ్బు కలిపితే, కాల్షియం సబ్బుతో కలిసి కరగని తెల్లటి మడ్డిలా మారుతుంది. నురగ రాదు. నురగ రాలేదని ఇంకాస్త సబ్బు రుద్దుతాం. సర్వర్ స్లోగా ఉందని రిఫ్రెష్ బటన్ టపటపా నొక్కినట్టన్నమాట, ఇంకా మడ్డి! ఆ మడ్డి పట్టు పోగుల మధ్య చేరి కూర్చుంటుంది. మెరుపు తగ్గడం, బిరుసెక్కడం, మడతల దగ్గర తెల్లటి చారలు, వీటిలో చాలా భాగం దీనివల్లే. మనం మాత్రం "పట్టు మంచిది కాదు, మోసం చేశాడు" అని నేసినవాణ్ణి తిట్టుకుంటాం.

మీ నీళ్ళ సంగతి తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక సీసాలో సగం నీళ్ళు పోసి, మామూలు ఒంటి సబ్బు నాలుగు తురుములు వేసి బాగా ఊపండి. నురగ నిలబడితే మెత్తని నీళ్ళు. విరిగిన పాలలా తరకలు కడితే గట్టి నీళ్ళు. ఐదు నిమిషాల పని.

ఇంకో చిన్న విషయం. చాలా ఇళ్ళలో ఆర్వో ఫిల్టరు వదిలేసే నీళ్ళని పట్టి బట్టలకి వాడుతున్నారు. నీళ్ళు వృథా కాకూడదన్న ఆలోచన మెచ్చుకోదగ్గదే. గచ్చు కడగడానికి, టాయిలెట్టుకి భేషుగ్గా పనికొస్తుంది. కానీ ఫిల్టరు ఆపేసిన లవణాలన్నీ ఆ నీళ్ళలోనే ఉంటాయి కాబట్టి అవి బోరు నీళ్ళకన్నా గట్టివి. పట్టుకి దాన్ని దగ్గరికి రానివ్వద్దు. దానికి బదులు చివరి జాడింపుకి వాననీళ్ళో, శుభ్రంగా పట్టిన ఏసీ నీళ్ళో, అవీ లేకపోతే రెండు బిందెల ఫిల్టరు నీళ్ళో వాడితే బట్టకి వచ్చే తేడా మీకే తెలుస్తుంది.

(అన్నట్టు గండికోటకి ఉతుకుడు కథ ఒకటుంది. కోటలో కత్తుల కోనేరని ఒకటి చూపిస్తారు. యుద్ధం అయ్యాక కత్తులు అందులో కడిగితే నీళ్ళు ఎర్రబడ్డాయని చెప్పుకుంటారు. మన కొత్త కాటన్ చీర మొదటిసారి ముంచినప్పుడు బకెట్టు చూస్తే నాకు ఆ కోనేరే గుర్తొస్తుంది :-) )

ఈ గట్టి నీళ్ళ సమస్యకి మన పాతవాళ్ళు కనిపెట్టిన విరుగుడు కుంకుడుకాయ. అదేదో సంప్రదాయం, సెంటిమెంటు అని నేను చెప్పడం లేదు. కుంకుడులో ఉండే సపోనిన్లు నురగనిస్తాయి, మురికిని లాగుతాయి, కానీ సబ్బులాగా కాల్షియంతో కలిసి మడ్డి కట్టవు. పైగా కుంకుడు రసం కొద్దిగా ఆమ్ల స్వభావం కలది. పట్టు మన జుట్టులాంటి ప్రోటీను, దానికి క్షారం పడదు. బట్టల పొడుల్లో వాషింగ్ సోడా ఉంటుంది కాబట్టి అవి బాగా క్షారం. అందుకే పొడితో ఉతికిన పట్టు జీవం పోయినట్టుంటుంది. డబ్బా వెనకాల ఎంజైములు అని రాసుంటే ఇంకా జాగ్రత్త. ప్రోటీను మరకల్ని కరిగించే ఎంజైముకి పప్పు మరక ఏదో పట్టుదారం ఏదో తేడా తెలీదు. రెండూ దాని దృష్టిలో తిండే. బ్లీచింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది పట్టుని పసుపు చేసి తినేస్తుంది. ఉన్ని బట్టలకీ ఇవే సూత్రాలు. వాటికి అదనంగా వేడినీళ్ళూ రాపిడీ కలిస్తే కుంచించుకుపోయే జబ్బు ఉంది.

మా మేనత్త ముందు ఒకసారి ఈ కెమిస్ట్రీ అంతా ఏకరువు పెట్టాను. ఆమె విని, "దీనికి ఇంత కతేంది నాయనా? చాకలాయప్ప పట్టుబట్టను ఎప్పుడన్నా ఉబ్బలో ఏసినాడా?" అంది. నిజమే. ఊళ్ళో చాకలి వాళ్ళు నూలు బట్టల్ని చౌడు నీళ్ళలో తడిపి, బాన మీద ఆవిరి పట్టి, రేవులో బండకేసి బాదేవాళ్ళు. పట్టు బట్టల్ని మాత్రం ఆ మూట పక్కకే రానిచ్చేవాళ్ళు కాదు. కారణం కూడా ఉంది. నూలు దారం తడిస్తే బలం పెరుగుతుంది, అందుకని బండకేసి కొట్టినా తట్టుకుంటుంది. పట్టు దారం తడిస్తే బలం తగ్గుతుంది. రేయాన్ అయితే మరీను, తడి మీద దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి తడి పట్టుని పిండడం, రుద్దడం అంటే అది అతి బలహీనంగా ఉన్న క్షణంలో దాన్ని కొట్టడం. చౌడంటే సోడా అని, సోడా పట్టుకి విషమని ఏ పుస్తకమూ చదవకుండానే తెలిసినవాళ్ళు చాకలివాళ్ళు. ఆ వృత్తికి మన సమాజం ఇచ్చిన గౌరవం ఎంతో అందరికీ తెలుసు. ఆ మనుషుల్ని తక్కువ చేసి చూశాం, వాళ్ళ పిల్లలు వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు. వెళ్ళడమే మంచిది కూడా. కానీ వాళ్ళ చేతుల్లో ఉన్న టెక్నికల్ నాలెడ్జిని ఎవరూ రాసి పెట్టుకోలేదు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ లేకుండా సీనియర్ వెళ్ళిపోయిన ప్రాజెక్టు ఎట్లా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు!

ఇక డ్రైక్లీనింగ్. ఆ పేరే పెద్ద మాయ. అందులో పొడిగా ఉండేదేమీ లేదు, నీళ్ళకి బదులు వేరే ద్రావకంలో ముంచి తీస్తారు. విదేశాల్లో ఎక్కువగా పెర్‌క్లోరోఇథిలీన్ వాడారు. అది మనుషుల్లో క్యాన్సర్‌కి బహుశా కారణమవుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2ఎ వర్గంలో పెట్టింది. అమెరికా పర్యావరణ సంస్థ 2024 డిసెంబరులో డ్రైక్లీనింగ్‌లో దాన్ని పదేళ్ళలో దశలవారీగా ఎత్తేయాలని రూలు తెచ్చింది. మన దగ్గర చిన్న షాపుల్లో ఎక్కువగా పెట్రోలియం రకం ద్రావకాలే వాడతారు. పాతవాళ్ళు పెట్రోల్ వాష్ అనేది అందుకే.

ఈ ద్రావకాలు నూనె, నెయ్యి, జిడ్డు మరకల్ని బ్రహ్మాండంగా తీస్తాయి. కానీ పెళ్ళికి కట్టుకెళ్ళిన చీరకి నూనెకన్నా ఎక్కువగా అంటేది ఏంటి? చెమట. మే నెలలో కడప జిల్లాలో పెళ్ళి, కళ్యాణ మండపంలో ఏసీ లేదు, ఇక ఆలోచించుకోండి. చెమటలోని ఉప్పు నీళ్ళలో కరుగుతుంది గానీ ఆ ద్రావకాల్లో అంత బాగా కరగదు. ఫ్రూట్ జ్యూసు, పాయసం, పానకం కూడా అంతే. మంచి డ్రైక్లీనర్ అయితే ఆ మరకల్ని ముందుగా విడిగా చూసుకుంటాడు. అంత ఓపిక ఎంతమందికి ఉంది? కాబట్టి మూడొందలో నాలుగొందలో ఇచ్చి తెచ్చుకున్న చీరలో జిడ్డు పోయి ఉప్పు మిగిలి ఉండొచ్చు. ఆ ఉప్పుతోనే ఏడాది బీరువాలో పెడతాం. జరీ నల్లబడితే మళ్ళీ నేతగాడిదే తప్పు!

బెంగళూరులో మా ఏరియాలో ఒక షాపువాడు మా ఇంట్లో చీర ఒకదాన్ని కొంగు దగ్గర నల్ల మచ్చలతో తిరిగిచ్చాడు. అడిగితే రసీదు వెనక్కి తిప్పి చూపించాడు, చీమతలకాయంత అక్షరాల్లో "జరీకి, రంగుకి మా బాధ్యత లేదు" అని. ఆ రెంటికీ బాధ్యత లేకపోతే పట్టుచీరలో ఇక మిగిలిందేమిటి స్వామీ? వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవలో లోపానికి ఫిర్యాదు చేసే హక్కు మనకుంది. చీర ఇచ్చే ముందే ఫోటో తీసి పెట్టుకుంటే ఆ ఫిర్యాదుకి కాస్త బలం ఉంటుంది.

అయితే డ్రైక్లీనింగ్ అసలొద్దని నేననడం లేదు. మగ్గం వర్కు, అద్దాలు, రాళ్ళు కుట్టినవి, నూనె మరకలు పడ్డవి, రంగు దిగుతుందని టెస్టులో తేలినవి, అటువైపే వెళ్ళాలి. అమ్మమ్మల కాలం నాటి, మడతల దగ్గర చిట్లుతున్న చీరల్ని ఉతకనే కూడదు, గాలికి ఆరేసి మడత మార్చి పెట్టుకోవడమే. నా గొడవంతా మిగతావాటి గురించే. రోజూ ఆఫీసుకి కట్టుకోగలిగిన మామూలు పట్టు, సికో, సన్న నూలు చీరలు, చొక్కాలు. చేనేత బతకాల్సింది వీటి మీదే. పెళ్ళిచీర జీవితంలో ఒక్కసారి కొంటారు, దాంతో మగ్గం ఎన్నాళ్ళు ఆడుతుంది?

ఆ మామూలు పట్టు చీరని మా ఇంట్లో ఉతికే తీరు చెప్తాను. పది పన్నెండు కుంకుడుకాయలు కొట్టి గింజలు తీసేసి రాత్రి గోరువెచ్చని నీళ్ళలో వేసి, పొద్దున పిసికి పల్చటి గుడ్డలో వడకట్టాలి. ముందు టెస్టింగ్. తెల్ల గుడ్డని ఆ రసంలోనే తడిపి, చీర లోపలి కొస మీద ఒకసారి, అంచు మీద ఒకసారి, కొంగు మీద ఒకసారి కాసేపు గట్టిగా అదమాలి. మూడుచోట్లా చెయ్యాలి, ఎందుకంటే మూడింటికీ వేసిన రంగులు వేరు. ఏది అంటినా అక్కడితో ఆపేయాలి. అంటకపోతే చీరని మొదట చల్లటి నీళ్ళలో ఒకసారి ముంచి తీసి, తర్వాత కుంకుడు నీళ్ళలో ముంచి, అరచేతులతో మెల్లగా అదుముతూ మూడు నాలుగు నిమిషాలు. అంతే. "నాననిస్తే మురికి బాగా పోతుంది" అనేది నూలు రూలు, పట్టుకి వర్తించదు. తర్వాత నురగ పోయేదాకా జాడింపు, ఆఖరిది మెత్తని నీళ్ళతో. పిండకూడదు. పాత టవలు పరిచి, దాని మీద చీర పరిచి, చాపలా చుట్టి అదిమితే నీళ్ళు టవలు లాగేస్తుంది. నీడలో, సన్నని తీగ మీద కాకుండా లావుపాటి కర్ర మీద తిరగేసి ఆరేయాలి. ఎండ పట్టుని పసుపెక్కిస్తుంది, మా వైపు ఎండ అయితే ఒక్క పూట చాలు. లేత రంగులకి కుంకుడు గోధుమ ఛాయ అంటిస్తుంది కాబట్టి వాటికి ఉన్నికీ పట్టుకీ అని రాసుండే లిక్విడ్ కొంచెం వాడుకోవచ్చు. ఇస్త్రీ తక్కువ వేడి మీద, పైన పల్చటి నూలు గుడ్డ వేసి.

గద్వాల చీరలాంటివి ఇంకో రకం పరీక్ష పెడతాయి. నడుమ నూలు, అంచు పట్టు. నీళ్ళు తగిలితే రెండూ ఒకేలా ముడుచుకోవు. అంచు దగ్గర కుచ్చులు తేలేది అందుకే. వాటిని ఆరేసేటప్పుడు తడి మీదే చేత్తో అంచు పొడవునా లాగి సరిచేయాలి. ఎండిపోయాక ఎంత ఇస్త్రీ కొట్టినా సరిగా రాదు.

ఉప్పు గురించి కూడా ఒక మాట. "మొదటిసారి ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు గట్టిపడుతుంది" అని ప్రతి దుకాణంలోనూ చెప్తారు. నూలుకి రంగు వేసే సమయంలో ఉప్పు వాడతారు, రంగు నీళ్ళలోంచి దారంలోకి వెళ్ళడానికి. అది తయారీలో సంగతి. తయారైపోయిన గుడ్డలో వదులుగా ఉన్న రంగుని ఉప్పు కట్టేయలేదు. ఆ ఒక్క ఉతుకులో కాస్త తక్కువ దిగినట్టు కనపడొచ్చు, అంతే. బిల్డు ఫెయిలవుతుంటే టెస్టుల్ని కామెంట్ చేసినట్టు. అలాగే నిమ్మరసం, వెనిగర్ చిట్కా. చివరి జాడింపులో చెంచాడు వెనిగర్ మామూలు పట్టుకి మెరుపునిస్తుంది, నిజమే. కానీ శ్రీకాళహస్తి కలంకారీ మీద ప్రయోగించకండి. అందులో నలుపు ఇనుప ముక్కలూ బెల్లమూ నానబెట్టి చేసిన కసింతో వస్తుంది. పులుపు తగిలితే ఆ ఇనుము రంగు కరిగిపోతుంది.

విచిత్రం చూడండి, ఆ పాతకాలపు చిరివేరు ఎరుపు గట్టిగా పట్టాలంటే పటికతో పాటు కాల్షియం కూడా ఉండాలి. సబ్బుకి శత్రువైన ఉప్పునీళ్ళే ఎరుపు రంగుకి నేస్తం!

జరీ విషయంలో ముందు తెలియాల్సింది అది ఏ జరీ అని. అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ వెండి తీగ, పైన బంగారు పూత. చవక జరీలో వెండి స్థానంలో రాగి ఉంటుంది, చెమటకీ తేమకీ త్వరగా నల్లబడుతుంది. ఇంకా చవకది ప్లాస్టిక్ జరీ, అది నల్లబడదు, ఉతుకుకీ తట్టుకుంటుంది, కానీ ఇస్త్రీ పెట్టె వేడి ఎక్కువైతే ముడుచుకుపోతుంది. మూడింటికీ మూడు జాగ్రత్తలు. కొన్నవాళ్ళలో ఎంతమందికి తమ చీరలో ఉన్నది ఏదో తెలుసు? కలరా ఉండలు జరీకి ఆనుకునేలా వేయొద్దు, సెంటు నేరుగా కొట్టొద్దు. పాత నూలు పంచెలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చి పెట్టుకుంటే చాలు. ప్లాస్టిక్ కవర్లో మాత్రం పెట్టకండి, తేమ లోపలే ఉండిపోతుంది.

ఇదంతా చదివి "ఇంత ఓపిక ఎవరికుంది బాస్" అనేవాళ్ళుంటారు. ఒక్కటి అడుగుతాను. మీ ఇంట్లో ఈ పనులు చేసేది మీరా, మీ ఆవిడా, మీ అమ్మగారా? రాత్రి రెండింటికి ప్రొడక్షన్ ఇష్యూ వస్తే లాగులన్నీ తవ్వి మూలకారణం పట్టే మగమహారాజులకి చొక్కా కాలరు లోపలుండే ఐదు బొమ్మల అర్థం తెలీదు. తొట్టి అంటే ఉతుకు, త్రికోణం అంటే బ్లీచు, చదరం అంటే ఆరబెట్టడం, ఇస్త్రీ పెట్టె అంటే ఇస్త్రీ, వలయం అంటే డ్రైక్లీనింగ్. దేని మీద ఇంటూ గుర్తుంటే అది చెయ్యకూడదు. ఐఎస్ఓ 3758 అని దీనికి అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. యూఎమ్మెల్ డయాగ్రాములు బట్టీ పట్టినవాళ్ళకి ఇదొక లెక్కా?

ఆ బొమ్మలు మిల్లు బట్టలకి ఉన్నాయి, మగ్గం బట్టకి లేవు. అక్కడే నా అసలు డిమాండు. 2004 నుంచి సిల్క్ మార్క్ ఉంది, 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంది, 2015లో ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ వచ్చింది. మొదటిది ఇది పట్టే అని చెప్తుంది, రెండోది మగ్గం మీదే నేశారని చెప్తుంది, మూడోది నాణ్యతకి భరోసా ఇస్తుంది. ఇవన్నీ కొనేటప్పుడు నమ్మకం కోసం. కొన్నాక పదేళ్ళు వాడుకోవడానికి పనికొచ్చే చీటీ ఏది? పడుగు ఏమిటి, పేక ఏమిటి, జరీ ఏ రకం, రంగు దిగుతుందా దిగదా, నీళ్ళలో వేయొచ్చా వేయకూడదా. ఐదే లైన్లు, తెలుగులో, చీర మడతలో పెట్టిస్తే చాలు. 2019-20 చేనేత గణనలో 35 లక్షల పైచిలుకు మంది ఈ పనిలో ఉన్నారని తేలింది. సంఘాలున్నాయి, శాఖలున్నాయి, ప్రతి ఎన్నికకీ హామీలున్నాయి. ఒక చీటీ మాత్రం లేదు.

ఈ మాటే మోరగుడిలో నేసే ఒకాయనతో అన్నాను. ఆయన తోసిపుచ్చలేదు. "రాస్తాం సార్, రాసేదానికేముంది. పడుగూ పేకా నాకు తెలుసు. జరీ ఏదో కూడా తెలుసు, చెప్పాలంటే కొంచెం మొగమాటం, అంతే. కానీ రంగు దారం మాకు ఏసుకునేదానికి ఇచ్చేది షావుకారు. ఆయప్ప యాడ అద్దకం చేయించినాడో, ఏం రంగు వాడినారో నాకేం తెలుసు? దిగదని నేను రాసిచ్చి, రేపు దిగితే?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మొదటి మూడు లైన్లు ఆయన రాయగలడు, రంగు సంగతి షావుకారు చేత రాయించాలి. షావుకారు రాయాలంటే కొనేవాళ్ళు అడగాలి. ఈసారి గండికోట వెళ్ళి వస్తూ చీర కొంటే, బేరం ఆడే ఆ పది నిమిషాల్లో ఇది కూడా అడిగి చూడండి.